బరువు తగ్గే ఆపరేషన్ తర్వాత మళ్లీ బరువు పెరుగుతుంటే ఏం చేయాలి

వరంగల్, కరీంనగర్, మంచిర్యాల వైపు నుంచి హైదరాబాద్ వెళ్లి బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకున్నవారిలో చాలామంది మొదటి ఏడాదంతా చెప్పిన తేదీకి డాక్టరు దగ్గరికి వెళ్తారు. బరువు తగ్గి, షుగర్ మాత్రలు తగ్గి, మోకాళ్లు తేలికపడ్డాక ఆ ప్రయాణం ఆగిపోతుంది. సాధారణంగా బరువు మళ్లీ మెల్లగా పెరగడం మొదలయ్యేది కూడా ఆ తర్వాతే. అప్పుడు "ఇన్ని లక్షలు పెట్టినా ఇంతేనా" అని ఇంట్లోవాళ్లు అంటారనీ, డాక్టరు కోప్పడతాడనీ భయపడి విషయాన్ని దాచిపెట్టి, రాత్రిభోజనం మానేసి ఎవరికి వారే తంటాలు పడేవారిని చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది. పెరిగిన బరువుకు ఒక కారణం ఉంటుంది. ముందు దానిని పట్టుకోవాలి, పస్తులుండటం దానికి మందు కాదు.

కొంత పెరగడం ఆపరేషన్ స్వభావంలోనే ఉంది. స్లీవ్ ఆపరేషన్‌లో జీర్ణాశయంలో దాదాపు ముప్పాతిక భాగాన్ని తీసేసి, మిగిలినదాన్ని అరటికాయ ఆకారంలో ఉంచుతారు. బైపాస్‌లో చిన్న సంచిని మిగిల్చి పేగును దానికి కలుపుతారు. రెండింటిలోనూ బరువు సుమారు ఏడాది నుంచి రెండేళ్ల మధ్య అన్నిటికన్నా కిందికి దిగుతుంది. తర్వాత ఆకలి కొంత తిరిగి వస్తుంది, సంచి కొద్దిగా సాగుతుంది, తగ్గిన శరీరం తక్కువ శక్తితోనే నడవడం నేర్చుకుంటుంది. స్వీడన్‌లో 1987లో మొదలైన పెద్ద అధ్యయనంలో బైపాస్ చేయించుకున్నవారు మొదటి రెండేళ్లలో సగటున 32 శాతం బరువు తగ్గగా, పదేళ్లకు ఆ తగ్గుదల 25 శాతం దగ్గర నిలిచింది. అంటే కొంత తిరిగి వచ్చినా, ఎక్కువ భాగం నిలబడిందన్నమాట.

కాబట్టి మొదట లెక్క సరిగా వేసుకోవాలి. ఆపరేషన్‌కు ముందున్న బరువు, అన్నిటికన్నా తక్కువకు దిగిన బరువు, నేటి బరువు అనే మూడు అంకెలు రాసుకోండి. 118 కిలోల నుంచి 78కి దిగిన మనిషి తగ్గింది 40 కిలోలు; ఇప్పుడు 81 ఉంటే, అది అక్కడే నిలకడగా ఉంటే కంగారు అక్కరలేదు, కానీ 84 దాటి నెలనెలా పెరుగుతూ ఉంటే ఇక ఆగకూడదు. వారానికి ఒకసారి, ఒకే రోజున, ఉదయం ఏమీ తినకముందు, ఒకే యంత్రం మీద తూకం చూసుకుంటే చాలు. నడుము కొలత కూడా రాయండి. మగవారికి 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటితే మనవారిలో షుగర్, గుండె జబ్బుల ముప్పు పెరుగుతుంది.

తర్వాత వారం రోజులపాటు నోట్లో పెట్టుకున్న ప్రతిదీ, ఏ వేళకు తిన్నారో సహా రాయండి. నా అనుభవంలో అసలు కారణం ఎక్కువగా ఈ కాగితం మీదే బయటపడుతుంది. హనుమకొండకు చెందిన ఒక గృహిణి రాసుకొచ్చిన కాగితంలో భోజనాలు చూస్తే తప్పుపట్టడానికి ఏమీ లేదు: పొద్దున ఒక ఇడ్లీ, మధ్యాహ్నం గుప్పెడన్నం, పప్పుచారు, రాత్రి ఒక జొన్నరొట్టె. కానీ వాటి మధ్య నాలుగు చాయలు, ఒక్కో చాయతో రెండు బిస్కెట్లో, ఒక సకినమో ఉన్నాయి. చాయకు రెండు చెంచాల చక్కెర లెక్కన రోజుకు సుమారు 40 గ్రాముల చక్కెర, అంటే 160 కేలరీలు చాయలోనే పోయాయి. సంక్రాంతికి చేసిన సకినాల డబ్బా నిండుగా ఉన్నన్నాళ్లూ ఇది ఇలాగే సాగుతుంది.

ఇక్కడ అర్థం చేసుకోవలసిన సంగతి ఒకటుంది. చిన్న జీర్ణాశయం కోడికూర ముక్కనూ గుడ్డునూ అడ్డుకుంటుంది. నాలుగు ముద్దలకే కడుపు నిండిన భావన వస్తుంది. కానీ సకినాలు, మురుకులు, బూందీ, చాయలో ముంచిన బిస్కెట్, ఐస్‌క్రీం, కూల్‌డ్రింక్ నోట్లోనే నలిగి, కరిగి, సంచిలో నిలవకుండా జారిపోతాయి. అందువల్ల "నేను తినేది పిడికెడే" అనే మనిషి అబద్ధం చెప్పడం లేదు; ఆమె భోజనం నిజంగానే పిడికెడు, పెరుగుతున్నది మాత్రం మధ్యమధ్య నమిలే చిరుతిండి వల్ల. ఇది ఇంట్లోవాళ్లు కూడా తెలుసుకోవాలి, ఎందుకంటే డబ్బా వంటింటి గట్టు మీద ఎదురుగా ఉన్నంతకాలం ఒక్క మనిషి నిగ్రహం మీద భారం వేయడం న్యాయం కాదు.

రోజుకు మూడు పూటలా వేళకు తిని, అవసరమైతే సాయంత్రం ఒక్కసారి ప్రోటీన్ ఉన్నది తినండి. ప్లేటులో మొదట ప్రోటీన్, తర్వాత కూరగాయలు, చివర కడుపులో చోటుంటేనే అన్నమో రొట్టెనో. డాక్టరు వేరే లెక్క చెప్పకపోతే రోజుకు 60 నుంచి 80 గ్రాముల ప్రోటీన్ కావాలి. రెండు గుడ్లతో 12, వండిన చికెన్ 100 గ్రాములతో 25, ఎండు మీల్‌మేకర్ 30 గ్రాములతో 15, పెద్ద గిన్నెడు పెరుగుతో 6, గ్లాసు పాలతో మరో 6 వస్తే అరవై దాటుతుంది. మాంసం తిననివారు చికెన్‌కు బదులు పనీరు, ఉడికించిన పెసర్లు, బొబ్బర్లు పెంచుకోవాలి. పలుచని పప్పుచారును ప్రోటీన్ కింద లెక్కవేయకండి. ముక్కను బాగా నమిలి, భోజనానికి 20 నుంచి 30 నిమిషాలు తీసుకోండి. తింటూ నీళ్లు తాగితే తిన్నది త్వరగా కిందికి జారిపోయి మళ్లీ ఆకలి వేస్తుందన్న ఉద్దేశంతో, తిన్న అరగంట దాకా నీళ్లు ఆపమంటారు. ఆపరేషన్ కొత్తలో తాగినట్టు వారమంతా ద్రవాల మీదే ఉంటే సంచి చిన్నదవుతుందని కొందరు చెబుతారు. దానికి ఆధారం లేదు.

బైపాస్ అయినవారిలో కొందరికి తీపి తిన్న గంట నుంచి మూడు గంటల లోపు చెమటలు పట్టి, చేతులు వణికి, కళ్లు తిరుగుతాయి. రక్తంలో చక్కెర ఒక్కసారిగా పెరిగి, ఇన్సులిన్ ఎక్కువై, మళ్లీ బాగా పడిపోవడం దీనికి కారణం. అప్పుడు చక్కెర తినకతప్పదు, కానీ రోజూ ఇదే జరిగితే ఆ చక్కెరతోనే బరువు పెరుగుతుంది. ఇలాంటి లక్షణాలను డాక్టరుకు తప్పక చెప్పాలి.

దావత్‌ల విషయం దాచకుండా మాట్లాడుకోవాలి. ఆపరేషన్ తర్వాత, ముఖ్యంగా బైపాస్ తర్వాత, మద్యం రక్తంలోకి వేగంగా చేరుతుంది; తక్కువకే మత్తెక్కుతుంది, వ్యసనమయ్యే ముప్పూ పెరుగుతుంది. బీరుకైనా కల్లుకైనా ఇదే వర్తిస్తుంది. తిండి మీది మమకారం పోయి తాగుడు మీదికి మళ్లినట్టు అనిపిస్తే సిగ్గుపడకుండా మానసిక వైద్యుడిని కలవాలి.

నడక మంచిదే, భద్రకాళి చెరువు కట్ట మీదైనా, పబ్లిక్ గార్డెన్‌లోనైనా రోజుకు నలభై నిమిషాలు నడవండి. కానీ నడకతో పాటు వారానికి రెండు మూడు రోజులు బరువులు ఎత్తే వ్యాయామం కూడా చేయాలి, ఎందుకంటే బరువుతో పాటు కండ కూడా కరిగిపోయి ఉంటుంది, కండ తగ్గితే శరీరం ఖర్చుపెట్టే శక్తీ తగ్గుతుంది. కుర్చీలోంచి చేతి ఊతం లేకుండా లేచి కూర్చోవడంతో మొదలుపెట్టవచ్చు.

తిండి, కదలిక సరిగానే ఉన్నా బరువు పెరుగుతుంటే లోపలి కారణం వెతకాలి. థైరాయిడ్ పరీక్ష చేయించండి. స్టెరాయిడ్లు, ఇన్సులిన్, షుగర్‌కు వాడే కొన్ని పాత మాత్రలు, మానసిక వ్యాధులకూ మూర్ఛకూ వాడే కొన్ని మందులు బరువు పెంచుతాయి. వాటిని సొంతంగా ఆపకుండా, మార్చవచ్చేమో డాక్టరును అడగండి. ఒళ్లునొప్పులకు ఊళ్లో ఇచ్చే పేరు తెలియని మాత్రలు మాత్రం వద్దు: వాటిలో స్టెరాయిడ్ ఉండవచ్చు, డైక్లోఫినాక్ వంటి నొప్పి మాత్రలైతే బైపాస్ అయినవారికి కడుపులో పుండు తెచ్చిపెట్టవచ్చు. గట్టి ఆహారం దిగక వాంతి అవుతుంటే, గుండెల్లో మంట ఉంటే ఎండోస్కోపీ, అంటే నోటి ద్వారా కెమెరా గొట్టం పంపి చూసే పరీక్ష, కావాలి. తిన్నది కిందికి వెళ్లే దారి ఇరుకై మాంసం తినలేక మెత్తటి బిస్కెట్ల మీద బతికే మనిషి కూడా బరువు పెరుగుతాడు. ఆగని వాంతులు, నల్లని విరేచనం, కాళ్ల తిమ్మిర్లు, తీవ్రమైన కడుపునొప్పి కనిపిస్తే అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. బరువు పెరిగింది కదా అని విటమిన్ మాత్రలు ఆపకండి. బి12, ఐరన్, కాల్షియం, విటమిన్ డి లోపాలు లావుగా ఉన్నవారిలోనూ వస్తాయి.

ఇవన్నీ చూశాక కూడా బరువు ఆగకపోతే మందులున్నాయి. సెమాగ్లుటైడ్, 2025లో మన దేశంలోకి వచ్చిన టిర్జెపటైడ్ ఇంజెక్షన్లు ఆకలిని తగ్గిస్తాయి, ఆపితే బరువు తిరిగి రావచ్చు. గర్భిణులకు, గతంలో పాంక్రియాస్ (క్లోమ గ్రంథి) వాపు వచ్చినవారికి, కుటుంబంలో మెడుల్లరీ రకం థైరాయిడ్ క్యాన్సర్ ఉన్నవారికి సాధారణంగా ఇవ్వరు. బైపాస్‌లో సంచికీ పేగుకీ మధ్య సాగిన దారిని ఎండోస్కోపీతో కుట్టి బిగించవచ్చు. స్లీవ్‌ను బైపాస్‌గా మార్చవచ్చు, గుండెల్లో మంట ఎక్కువగా ఉన్నవారికి ఈ మార్పు ప్రత్యేకంగా పనికొస్తుంది. రెండో ఆపరేషన్‌లో ముప్పు మొదటిదానికన్నా ఎక్కువ, ఫలితం సాధారణంగా తక్కువ కనుక, తిండి అలవాటు సరిచేయకుండా దానికి తొందరపడటం నాకు సమ్మతం కాదు.

రక్తపరీక్షలు హనుమకొండలోనే చేయించుకుని, రిపోర్టులతోనే హైదరాబాద్ బయలుదేరితే ఒక తిరుగుడు తగ్గుతుంది. వెంట డిశ్చార్జ్ సమ్మరీ, ఏ రకం ఆపరేషన్ జరిగిందో రాసిన కాగితం, పాత రిపోర్టులు, వాడుతున్న ప్రతి మందు చీటీ, ఆ మూడు బరువు అంకెలు, వారం రోజులు రాసిన తిండి కాగితం తీసుకెళ్లండి. మొదట చేసిన సర్జన్ దగ్గరికి వెళ్లడం ఇష్టం లేకపోతే, ఇవే కాగితాలతో బరువు తగ్గే ఆపరేషన్లు చేసే మరో (బేరియాట్రిక్) సర్జన్‌ను కలవవచ్చు.