జిప్సీ ఎత్తు పెంచేటప్పుడు బోల్టులు ఎప్పుడు బిగించాలి?

పాత మారుతి జిప్సీకి ఒకటి, రెండంగుళాల లిఫ్ట్ చేయిస్తున్నారా? కొత్త కమాన్ కట్టలు (లీఫ్ స్ప్రింగులు) ఎక్కించాక, బండి జాకీ మీద ఉండగానే వాటి చివర్లలోని రబ్బరు బుష్‌ల గుండా వెళ్లే బోల్టులు పూర్తిగా బిగించనివ్వకండి. చక్రాలు వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు బుష్ అలాగే పట్టేస్తుంది. బండి దించగానే మెలిపడి, త్వరగా చిరిగిపోతుంది. ముందు వదులుగా పెట్టి, నేలకు దించి, బంపరెక్కి నాలుగుసార్లు ఊపి, అప్పుడు స్పానర్ పట్టాలి. మెకానిక్ విసుక్కుంటాడు, పట్టించుకోకండి. యాక్సిల్‌ను కమాన్ కట్టకు పట్టి ఉంచే యూ బోల్టులు మాత్రం కొత్తవే వేయించి, ఓ 500 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ బిగించండి. యాక్సిల్ పూర్తిగా కిందికి వేలాడినప్పుడు బ్రేక్ హోసు బిగుసుకుంటే పొడవుది కావాలి. ముందువైపు పొడవాటి షాకిళ్లు (కమాన్ కట్ట చివరను ఛాసిస్‌కు కలిపే ఇనుప పట్టీలు) వేసి ఎత్తు తెచ్చే చవక పద్ధతి నాకు నచ్చదు. క్యాస్టర్ (ముందు చక్రాలు తిరిగే ఇరుసు వెనక్కి వాలిన కోణం) తగ్గి, తిప్పిన స్టీరింగ్ తనంతట తాను సరిగా వెనక్కి రాదు, హైవే మీద బండి అటూ ఇటూ పోతుంది.