ఒక్కరే కట్టెలు కోసుకోవాలంటే కత్తెర స్టాండు ఇలా చేసుకోండి

కట్టెలు కోసేటప్పుడు పక్కన ఉండే రెండో మనిషి ఏం చేస్తాడో ఒకసారి గుర్తు చేసుకోండి. కర్ర దొర్లకుండా పట్టుకుంటాడు, రంపం సగానికి దిగాక కోత మూసుకుపోకుండా కొసను కాస్త ఎత్తుతాడో దించుతాడో చేస్తాడు. ఆ రెండు పనులూ స్టాండు చేస్తే తోడు అక్కర్లేదు. కొన్నా, సొంతంగా చేసుకున్నా చూడాల్సింది ఇదే.

మాది ఉద్దానం. 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకు జీడిచెట్లు, కొబ్బరిచెట్లు వేళ్లతో సహా పడిపోయినప్పుడు ఎవరి తోట పని వాళ్లకే సరిపోయింది, కూలికి రమ్మంటే వచ్చే మనిషి లేడు. నేను చైన్ సా, అంటే మిషన్ రంపం, పట్టింది అప్పుడే. రెండు ఇటుకల మీద కర్ర పెట్టి ఎడమ కాలితో తొక్కిపట్టి కోసేవాణ్ణి. ఒకరోజు కర్ర దొర్లి మిషన్ కిందికి జారింది, బార్, అంటే చైన్ తిరిగే పొడుగాటి పట్టీ, రాయికి తగిలి చైన్ పళ్లు మొద్దుబారిపోయాయి. బార్‌కీ నా చెప్పు అంచుకీ మధ్య బెత్తెడు దూరం ఉందంతే. ఆ రోజుకి పని ఆపేసి, మర్నాడు స్టాండు చేసుకున్నాను. కాలితో తొక్కి కోసే అలవాటు మీకుంటే దయచేసి ఇవాళే మానేయండి.

నేను చేసింది రెండు కత్తెరల స్టాండు. రెండు కర్రలు ఎక్స్ ఆకారంలో దాటించి బోల్టు వేస్తే ఒక కత్తెర, అలాంటివి రెండు. కాళ్లకు సరుగుడు వాసాలు బాగుంటాయి, నిటారుగా ఉంటాయి, మా వైపు సులువుగా దొరుకుతాయి. మూడంగుళాల మందం ఉన్నవి చూసుకుని మూడున్నర అడుగుల చొప్పున నాలుగు ముక్కలు కోయండి. అడుగు నుంచి 26 అంగుళాల దగ్గర గుర్తు పెట్టండి, కాళ్లు దాటేది అక్కడే. గుండ్రటి వాసం మీద గుండ్రటి వాసం ఊరికే బోల్టు వేస్తే ఊగుతూనే ఉంటుంది కాబట్టి గుర్తు దగ్గర రెండిటికీ అరంగుళం లోతు గాడి చెక్కి, ఒకదానిలో ఒకటి కూర్చునేలా చేసి, అప్పుడు 12 ఎం.ఎం. బోల్టు, రెండు వైపులా వాషర్లు పెట్టి బిగించండి. మేకులు వద్దు, నాలుగు రోజుల్లో వదులైపోతాయి.

కోణం కొలవడానికి ఏ పరికరమూ అక్కర్లేదు. కింద రెండు కాళ్ల మధ్య దూరం కూడా 26 అంగుళాలే పెట్టండి. మూడు వైపులా సమానమైతే సరిగ్గా 60 డిగ్రీలు వస్తుంది. బోల్టు నేల నుంచి దాదాపు 22 అంగుళాల ఎత్తులో ఉంటుంది, పైన మిగిలిన 16 అంగుళాల చేతుల మధ్య కర్ర కూర్చుంటుంది, మిషన్ తొడల ఎత్తులో నడుస్తుంది, నడుం వంచక్కర్లేదు. చేతి రంపంతో కోసేవాళ్లయితే రెండు చోట్లా 26 బదులు 20 పెట్టుకోండి, మోకాలితో కర్రను అదిమిపట్టి కోయొచ్చు. చైన్ సాతో మాత్రం మోకాలు కూడా ఆనించకూడదు.

రెండు కత్తెరల మధ్య ఎంత ఎడం ఉండాలి? నేను చాలా రోజులు తప్పు చేసింది ఇక్కడే, అందుకే లెక్కతో చెబుతాను. మా పొయ్యికి 15 అంగుళాల ముక్క కావాలి. చివరి కోత తప్ప ఎప్పుడూ కత్తెరకు బయట, నాలుగు వేళ్ల ఎడంలో కోయాలి. అప్పుడు కొస తన బరువుకు కిందికి వంగుతుంది, కోత పైన తెరుచుకుంటుంది, బార్ ఇరుక్కోదు. కత్తెరల మధ్య రెండడుగులు ఉంచి అయిదడుగుల కర్ర పెడితే మొదటి ముక్క తెగాక కూడా బరువు రెండు కత్తెరల మధ్యే ఉంటుంది. కర్రను ముందుకు జరిపి రెండోది కోయండి. అదే ఆరడుగులో అంతకంటే ఎక్కువో ఉన్న కర్ర పెడితే ముక్క తెగగానే బరువంతా వెనక్కి పోయి, మీ వైపు కొస లేస్తుంది. చేతిలో మిషన్ నడుస్తున్నప్పుడు అది చాలా ప్రమాదం. అందుకని చెట్టు దగ్గరే అయిదడుగుల చొప్పున తుంచుకుని స్టాండు దగ్గరికి తెచ్చుకోండి.

పొడుగు కర్రల కోసం మూడో కత్తెర పెట్టమని కొందరంటారు. నేను పెట్టి తీసేశాను. జీడి కొమ్మైనా తుమ్మ కొమ్మైనా వంకర లేకుండా దొరకదు, వంకర కర్ర రెండు చోట్ల ఆనుతుంది గానీ మూడో చోట ఆనదు, ఊగుతుంది.

చివరికి రెండు ముక్కల పొడుగు, అంటే రెండున్నర అడుగులు మిగులుతుంది. దాన్ని రెండు కత్తెరల మీదా సమానంగా పెట్టి మధ్యలో కోయాలి. ఇప్పుడు రెండు కొసలూ ఆని ఉన్నాయి కాబట్టి ఒత్తిడంతా పైన ఉంటుంది, పైనుంచే పూర్తిగా కోస్తే కోత మూసుకుని బార్‌ను పట్టేస్తుంది. మూడో వంతు పైనుంచి కోసి మిషన్ తీసి, మిగతాది కిందనుంచి పైకి కోయండి. కిందనుంచి కోసేటప్పుడు చైన్ మిషన్‌ను మీ వైపు నెడుతుంది, రెండు చేతులూ గట్టిగా ఉండాలి. ఇంకా చెయ్యి అలవాటు కానివాళ్లు పైకోతలో చిన్న చెక్క చీల దిగ్గొట్టి నెమ్మదిగా పైనుంచే పూర్తి చేసుకోండి. చీల చెక్కదే ఉండాలి, ఇనుముది పనికిరాదు.

కత్తెరలను కలపడానికి నేలకు ఎనిమిది అంగుళాల ఎత్తులో రెండు అడ్డకర్రలు, ఒక పక్కన ఏటవాలుగా ఇంకొకటి వేయండి. ఆ ఏటవాలు కర్ర లేకపోతే స్టాండు పొడుగు వైపు వాలిపోతుంది. మాలాగా ఇసుక నేల అయితే కాళ్ల కింద పలక వేయండి, లేదంటే ఒక కాలు దిగబడి స్టాండు ఒరుగుతుంది.

చైన్ కర్రను మన వైపు లాగుతూ ఉంటుంది. లావు కర్రను కత్తెర ఆపుతుంది గానీ మణికట్టు లావు కొమ్మలు ఎగిరి కొడతాయి. వాటిని ఒక్కొక్కటిగా కోయకండి. నాలుగైదు కలిపి పేర్చి, ప్రతి కత్తెర దగ్గరా పాత సైకిల్ ట్యూబు ముక్కతో లాగి చుట్టండి. తాడు వదులైపోతుంది, ట్యూబు సాగి బిగుసుకుని ఉంటుంది. ఒక్క కోతకు మొత్తం కట్ట తెగుతుంది.

రెడీమేడ్‌వి కొనాలనుకుంటే రెండు రకాలున్నాయి. ఇనప పైపులతో మడిచే ఎక్స్ స్టాండు ఒకటి. తీసుకెళ్లడానికి బాగుంటుంది, కానీ బార్ కొంచెం పక్కకు పోయినా చైన్ ఇనుముకు తగులుతుంది. వెల్డింగ్ షాపులో యాంగిల్‌తో చేయించినా సంగతి ఇంతే, పై చేతుల లోపలి వైపు చెక్క పట్టీ బిగించుకోవాల్సిందే. రెండోది పళ్లున్న దవడతో కర్రను ఒక చోటే పట్టుకునేది. బయటి కొస ఎంత బరువైతే అంత గట్టిగా కరిచి పట్టుకుంటుంది, ఆ పనితనం నాకు చాలా నచ్చింది. నిటారుగా ఉండే సరుగుడుకు, సుబాబుల్‌కు అదే మంచిది. వంకర జీడికి, బాగా లావు మొద్దుకు దవడ సరిగ్గా పట్టదు. మీ తోటలో ఏ కర్ర ఎక్కువో చూసుకుని కొనండి.

ఒంటరిగా కోస్తున్నాం కాబట్టి ఇంకొంచెం జాగ్రత్త కావాలి. లుంగీ, మెడలో తువ్వాలు వద్దు. ప్యాంటు, బూట్లు, కళ్లద్దాలు, చెవులకు మూతలు ఉండాలి. కర్ర జరిపే ప్రతిసారీ చైన్ బ్రేక్ వేయండి. బార్‌కు సూటిగా నిలబడకుండా కాస్త ఎడమకు జరిగి నిలబడండి, మిషన్ ఎగదన్నినా మీ ముఖం ఆ దారిలో ఉండదు. ఫోన్ జేబులో పెట్టుకుని, ఎక్కడ కోస్తున్నారో ఇంట్లో చెప్పి వెళ్లండి.

పని అయ్యాక స్టాండును వానలో వదలొద్దు, కాళ్లకు చెద పడుతుంది. నేను కాళ్ల చివర్లకు వాడేసిన ఇంజిన్ ఆయిల్ రాస్తాను. కొత్త సరుగుడు ఆరేకొద్దీ కుంచించుకుపోతుంది, కాబట్టి మొదటి రెండు నెలలూ కోతకు ముందు బోల్టులు మళ్లీ బిగించుకోండి.