పట్టుచీరకి పోర్టబుల్ డ్రయర్ చాలదు

వానాకాలంలో మా బరంపురంలో బట్టలు ఓ పట్టాన ఆరవు. సముద్రం దగ్గర కదా, గాలి నిండా తేమే. అందుకే మా వీధిలో చాలామంది గుడారంలా జిప్పు వేసే పోర్టబుల్ డ్రయర్లు కొంటున్నారు. నూలు బట్టలకి మంచివే. కానీ ఇక పట్టుచీరలు డ్రై క్లీనింగ్‌కి ఇవ్వక్కర్లేదని మాత్రం అనుకోకండి.

డ్రయర్ వేడిగాలితో తడి ఆరుస్తుంది, అంతే. మురికి తీయదు. డ్రై క్లీనింగ్‌లో నీళ్లకి బదులు ద్రావకం వాడతారు, జిడ్డు అందులో కరిగిపోతుంది.

ఒక పెళ్లిలో మా అత్తయ్య బరంపురం పట్టుచీర మీద సాంబారు పడింది. నీళ్లతో తుడిచి డ్రయర్‌లో వేలాడదీశాను. వేడికి ఆ మరక ఇంకా గట్టిగా పట్టేసింది. ఆ చీర చూస్తే ఇప్పటికీ బాధే.

నూనె మరకైతే రుద్దకండి. టాల్కమ్ పౌడర్ చల్లి, కొన్ని గంటలాగి మెత్తటి బ్రష్‌తో దులపండి. తర్వాత అది దేని మరకో చెప్పి మరీ డ్రై క్లీనింగ్‌కి ఇవ్వండి, దాన్నిబట్టే వాళ్లు మందు వాడతారు. చెమట తడికి నీడలో, ఫ్యాన్ గాలికి ఆరేస్తే సరిపోతుంది. డ్రయర్ తప్పదనుకుంటే వేడి లేని గాలి మాత్రమే పెట్టండి.

రెడీమేడ్ బట్టలకైతే లేబుల్ చూడండి. ఉత్త వృత్తం గుర్తు ఉంటే డ్రై క్లీనింగ్ అని అర్థం. చేనేత చీరలకి చాలావరకు లేబుల్ ఉండదు, కొనేటప్పుడే షాపులో అడగండి.