బీటా గ్లోబిన్ జన్యువులో ఇంట్రాన్లను గుర్తించే పద్ధతి
రక్తంలోని హిమోగ్లోబిన్‌లో ఒక భాగమైన బీటా గ్లోబిన్ ప్రోటీన్‌కు సూచనలిచ్చేది ఈ జన్యువు; అందులో ఉన్నా ప్రోటీన్ తయారీకి ముందే కత్తిరించి తీసేసే భాగాలే ఇంట్రాన్లు. ముందుగా ఈ మానవ జన్యువు డీఎన్‌ఏ క్రమాన్ని దాని పరిపక్వ ఎంఆర్‌ఎన్‌ఏ (ఇంట్రాన్లు తొలగించాక ప్రోటీన్ తయారీకి వాడే ఆర్‌ఎన్‌ఏ నకలు) క్రమంతో సరిపోల్చాలి. ఎంఆర్‌ఎన్‌ఏలో జత దొరకని 130, 850 బేస్‌ల (డీఎన్‌ఏ అక్షరాల) రెండు భాగాలే ఇంట్రాన్లు. అవి జీటీతో మొదలై ఏజీతో ముగుస్తున్నాయో లేదో చూడాలి. అయితే ఈ జంట అక్షరాలు జన్యువులో ఎక్కడబడితే అక్కడ కనిపిస్తాయి కనుక, కేవలం వాటిని నమ్ముకుని హద్దులు గీయకూడదు. దీనికి బంధువులైన ఆల్ఫా గ్లోబిన్, మయోగ్లోబిన్ జన్యువుల్లోనూ ఇంట్రాన్లు వీటికి సరిసమానమైన చోట్లనే ఉండటం ఉమ్మడి పూర్వీక జన్యువుకు గట్టి ఆనవాలు కాబట్టి, వాటితోనూ పోల్చి హద్దులను నిర్ధారించుకోవచ్చు.

అన్నిటికన్నా ముఖ్యంగా హద్దు పక్కనున్న అక్షరాలను ఒక్కొక్కటిగా పరిశీలించాలి. మొదటి ఇంట్రాన్‌లో ఐదో స్థానంలోని జీ, సీగా మారితే స్ప్లైసింగ్ (ఇంట్రాన్లను కత్తిరించి మిగతా భాగాలను అతికే ప్రక్రియ) దెబ్బతిని గ్లోబిన్ ఉత్పత్తి బాగా తగ్గిపోతుంది. భారతదేశంలో బీటా థలసీమియాకు (బీటా గ్లోబిన్ తగ్గడం వల్ల వచ్చే వంశపారంపర్య రక్తహీనతకు) అత్యంత సాధారణ కారణం ఈ మార్పే. ప్రోటీన్‌లోకి చేరదు కదా అని జన్యుపరీక్షలో ఇంట్రాన్‌ను వదిలేయడం ఎంతమాత్రం తగదు.