పప్పు ఉడికించి పెట్టుకుంటే రాత్రి వంట సగం అయినట్టే

ఆఫీసు నుంచి ఏడింటికి వచ్చి అప్పుడు కుక్కర్ పెట్టేవాళ్ల కోసం ఇది. కందిపప్పు రెండు రాత్రులకు సరిపడా ఒకేసారి ఉడికించేయండి. అరగంట నానబెట్టి, చిటికెడు పసుపు, చెంచా నూనె వేస్తే విజిల్‌లోంచి పెద్దగా పొంగదు, స్టవ్ తుడుచుకునే పని తగ్గుతుంది. చింతపండు, టమాటా మాత్రం అప్పుడే వద్దు. పులుపు తగిలితే పప్పు త్వరగా మెత్తబడదు, పైగా రెండు రోజులూ ఒకటే రుచి.

చల్లారగానే రెండు డబ్బాల్లో సర్ది ఫ్రిజ్‌లో పెట్టండి, మూడు రోజుల్లోపు వాడేయాలి. ఒక రాత్రి టమాటాలు, పచ్చిమిర్చి మగ్గించి కలిపితే టమాటా పప్పు. ఇంకో రాత్రి ఉల్లిపాయ, మునక్కాడలు చింతపండు పులుసులో ఉడికించి కలిపితే పప్పుచారు. ఫ్రిజ్‌లో పప్పు గట్టిపడుతుంది కాబట్టి వేడినీళ్లు పోసి, గరిటెతో మెదిపి, బాగా మరగనివ్వండి.

తాలింపు మాత్రం ఏ రోజుకారోజే. ఎండుమిర్చి, ఇంగువ, వెల్లుల్లి వాసన ఇల్లంతా కమ్మేస్తే అది నిన్నటి పప్పని మా అత్తగారే కనిపెట్టలేదు! అన్నం ఉడికేలోపే ఇదంతా అయిపోతుంది. ఆ కాసేపు పిల్లల హోంవర్క్ సంగతి మీ ఆయనకి అప్పజెప్పండి.