మడవడం నుంచి చేరడం దాకా: ఒక లాటిన్ క్రియ మూలం పట్టుకునే పద్ధతి

పలమనేరు బస్టాండులో కాసేపు నిలబడితే తెలుగు ‘పోదాం’, తమిళ ‘పోలామ్’, కన్నడ ‘హోగోణ’ మూడూ చెవిన పడతాయి. మూడింటికీ ధాతువు ఒకటే. మాటల చుట్టరికం పసిగట్టే చెవి చిత్తూరు వైపు వాళ్లకు ముందే ఉంది. ఆ చెవితోనే లాటిన్ ‘ప్లికారె’ని పట్టుకుందాం. దానర్థం మడవడం.

కాగితం మీద గళ్లు గీసి, లాటిన్ నుంచి పుట్టిన భాషల్లో దాని రూపం, అర్థం పక్కపక్కన రాయండి. ఫ్రెంచి ప్లియే, ఇటాలియన్ ప్యెగారె: మడవడం. స్పానిష్ యెగార్, పోర్చుగీసు షెగార్: చేరుకోవడం. రొమేనియన్ ప్లెకా: బయల్దేరడం.

చేరడానికీ బయల్దేరడానికీ పొత్తేమిటని కొట్టేయకండి. అర్థం జోలికి ఇప్పుడే పోవద్దు, ముందు ధ్వని తేలాలి. ఒక్క మాటతో అది తేలదు. ‘ప్ల’తో మొదలయ్యే లాటిన్ మాటలు ఇంకో రెండైనా తీసుకోండి. నిండిన అనే అర్థంలో ‘ప్లేనుస్’ స్పానిష్‌లో యేనో, పోర్చుగీసులో షేయు, రొమేనియన్‌లో ప్లిన్. వానకు ‘ప్లువియా’: స్పానిష్‌లో యువియా, పోర్చుగీసులో షువ. అంటే లాటిన్ ‘ప్ల’ ఒకచోట ‘య’ (రాతలో రెండు ఎల్‌లు), ఇంకోచోట ‘ష’. మన పాలు, పులి, పేరు కన్నడంలో హాలు, హులి, హెసరు అయిన తీరే ఇది. ఈ వరస కుదిరితేనే చుట్టరికం.

చాలామంది తడబడేది ఇక్కడే. స్పానిష్‌లో ‘అప్లికార్’ కూడా ఉంది, ‘ప్ల’ చెక్కుచెదరలేదు. సూత్రం తప్పిందనుకుంటారు. తప్పలేదు. అది తర్వాతి కాలంలో చదువుకున్నవాళ్లు లాటిన్ నుంచి నేరుగా తెచ్చుకున్న మాట. మనకు ‘అచ్చెరువు’ ఉండగానే ‘ఆశ్చర్యం’ కూడా ఉన్నట్టు. ధ్వని లెక్క కట్టేటప్పుడు తత్సమాలను పక్కన పెట్టాలి.

ఇక అర్థం. ‘మడిచింది ఏమిటి?’ అని అడగండి. లాటిన్‌లో ‘నావెం అప్లికారె’ అంటే ఓడను ఒడ్డుకు చేర్చడం. రేవు చేరాక తెరచాప మడుస్తారు గనక, చేరడం అనే అర్థం అలా వచ్చిందంటారు. రొమేనియన్‌కు చెప్పే కారణం వేరు: దండు గుడారాలు మడిచిందంటే కదిలిందనే. మనం ‘బిచాణా ఎత్తేశాడు’ అనడం లేదూ! ఓడను ఒడ్డుకు చేర్చడమనే వాడుక లాటిన్ రాతల్లోనే ఉంది కాబట్టి దాన్ని పెన్నుతో రాయండి. తెరచాప, గుడారం నమ్మదగిన ఊహలు, వాటిని పెన్సిల్‌తో రాయండి.

సాధన ఇంట్లోనే చేయొచ్చు. తెలుగు కొను, తమిళం కొళ్, కన్నడం కొళ్ళు తీసుకోండి. తమిళంలో పట్టుకోవడం, తీసుకోవడం. మనకూ కన్నడానికీ డబ్బిచ్చి తీసుకోవడం. మూడింట్లోనూ అదే ఇంకో క్రియకు తోక అవుతుంది: చేసుకొను, సెయ్దుకొళ్, మాడికొళ్ళు. మీరు రాసుకున్నది బరో, ఎమెనోల ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువులో (రెండో కూర్పు 1984) సరిచూసుకోండి. ‘ళ’ ఉండాల్సిన చోట మనకు ‘న’ ఎందుకుందని అనుమానం వస్తే, నిఘంటువు రూపం దగ్గరే ఆగకుండా జరిగిపోయిన పనిని చెప్పే రూపాలు కూడా రాయండి. తమిళంలోనూ కన్నడంలోనూ ‘కొండు’ కనిపిస్తుంది, అనునాసికం అక్కడ ఉంది.