కలలో ఆగని కాటా

చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో కాటా దగ్గర స్లిప్పులు రాసే పని నాది. జూన్, జూలైల్లో తోతాపురి ట్రాక్టర్లు రోడ్డు పొడవునా బారులు తీరతాయి. పోయిన సీజన్‌లో ఆ బారు నా కలలోకీ వచ్చేసింది. బండి కాటా ఎక్కుతుంది, అంకెలు ఆగవు, పెన్ను రాయదు, రైతు ఎండలో నిలబడి నన్నే చూస్తుంటాడు. రోజూ తెల్లవారుజామున అక్కడే మెలకువ వచ్చేది.

అమ్మ మాట కాదనలేక దిండు కింద ఇనుప ముక్క పెట్టుకున్నాను. కల మానలేదు.

తెల్లవారుజామునే ఎందుకో తర్వాత చదివాను. కనుగుడ్లు వేగంగా కదిలే నిద్రను 1953లో అసెరిన్‌స్కీ, క్లైట్‌మన్ అనే శాస్త్రవేత్తలు వెల్లడించారు. అది సుమారు 90 నిమిషాలకోసారి వస్తుంది, తెల్లవారే కొద్దీ ఎక్కువసేపు ఉంటుంది. కథలా సాగే కలలు ఎక్కువగా అప్పుడే వస్తాయి. పగలు మనల్ని టెన్షన్ పెట్టినవి వాటిలో తేలికగా దూరతాయి.

రాత్రి భోంచేశాక మిగిలిన లెక్కలు, రేపటి పనులు నోటుబుక్కులో రాసి మూసేయడం మొదలుపెట్టాను. అసలు పని చేసింది మాత్రం కలను పగలే తిరగరాయడం. పీడకలలకు వైద్యులు చెప్పే పద్ధతే అది. నా కొత్త కలలో అంకెలు ఆగుతాయి, స్లిప్పు రైతు చేతికిస్తాను, చెంబుతో నీళ్లిస్తాను, బండి కాటా దిగిపోతుంది. రోజూ పది నిమిషాలు కళ్లు మూసుకుని దాన్నే ఊహించుకున్నాను. మూడో వారానికి మెలకువలు తగ్గాయి.

ఈ సీజన్‌లో కాటా పక్కన నిజంగానే నీళ్ల కుండ పెట్టించాను.